అడవికి వెళ్లాల్సిన వేళ ఇంటికొచ్చిన మనవలు

ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, బిడ్డకు బిడ్డ. ఈ మూడూ కనబడ్డాయంటే గృహస్థు ఇల్లు విడిచి అడవికి బయలుదేరాలని మనుస్మృతి ఆరో అధ్యాయం చెబుతుంది. మనవడి ముఖం చూడటమే వానప్రస్థానికి పిలుపు. దాచేపల్లిలో ఈ లెక్క తిరగబడిన ఇళ్లు ఉన్నాయి. అక్కడ మనవలు పుట్టాక పెద్దవాళ్లు బయలుదేరలేదు. మనవలే బ్యాగులు సర్దుకుని పెద్దవాళ్ల ఇంటికి వచ్చేశారు.

నాగులేరు పక్కన, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఉన్న ఊరిది. పొందుగల దగ్గర కృష్ణ దాటితే అవతల తెలంగాణ. నడికుడి జంక్షన్ పక్కనే కాబట్టి హైదరాబాదుకు రైలూ ఉంది, బస్సూ ఉంది. 2021 నవంబరులో నగర పంచాయతీగా తొలి ఎన్నికలు జరుపుకుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాలోకి వచ్చింది. బోర్డుల మీద పేర్లు మారినా చదువుకున్న పిల్లలు పట్నం బాట పట్టడం మారలేదు. వాళ్ల పిల్లలు మాత్రం కొన్ని ఇళ్లలో వెనక్కి వస్తున్నారు. ఒక ఇంట్లో తల్లిది రాత్రి షిఫ్టు, ఇంకో ఇంట్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు, మరో ఇంట్లో ఇద్దరిలో ఒకరు లేరు.

ఈ సంవాదంలో మాట్లాడే అక్కాతమ్ముళ్లు అలాంటి ఇళ్లను చూసి అల్లుకున్న పాత్రలు. వాళ్ల నోట వచ్చే చట్టం, శాస్త్రం, చరిత్ర మాత్రం కల్పన కాదు. అక్కకు అరవై నాలుగేళ్లు, మిరప, పత్తి వేసే కుటుంబం. హైదరాబాదులో ఉన్న కూతురి పిల్లలిద్దరూ, రెండో తరగతి మనవరాలూ నాలుగేళ్ల మనవడూ, జూన్‌లో బడులు తెరిచే వేళకు ఆమె ఇంటికి చేరారు. తమ్ముడు గురజాలలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు. పిల్లలు నిద్రపోయాక వసారాలో మాటలు మొదలయ్యాయి.

"నువ్వు ముగ్గుర్ని కని పెంచావక్కా. అత్తమామల్ని మంచంలో చూశావు. ఇంకా ఎవరికి బాకీ ఉన్నావని మళ్లీ మొదటికొచ్చావు?" అని మాస్టారు అడిగాడు.

"బాకీ అని ఎవరన్నార్రా? బిడ్డ కష్టంలో ఉంది. పిల్లల్ని యాడ ఉంచుద్ది?"

"కష్టం సరే. అమ్మాయి నిన్ను అడిగిందా?"

అక్క కాసేపు ఆలోచించి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఫోన్ చేసి, 'అమ్మా, జూన్ నుంచి పిల్లలు నీ దగ్గరుంటారు' అంది. నేను సరేనన్నా."

"అదీ నా బాధ. పొలం కౌలుకిచ్చేటప్పుడైనా ఎన్నేళ్లకని అడుగుతారు. నిన్ను అదీ అడగలేదు. ముసలివాళ్ల కాలానికి విలువ లేదనుకోవడం కాదూ ఇది?"

మాస్టారు వాదన స్వార్థపు వాదనలా వినబడుతుంది కానీ కాదు. మనిషి జీవితంలో ఒక దశ అతని సొంతం కావాలన్నది వానప్రస్థం వెనకున్న ఆలోచన. పుట్టినప్పటి నుంచీ ఎవరికో ఒకరికి వండిపెట్టిన మనిషికి, చివరి పాతికేళ్లలో కొన్నయినా తనవి అనిపించాలనడంలో న్యాయం ఉంది. పైగా ఆ ధర్మశాస్త్రం చెప్పింది మగవాడికి. భార్యను కొడుకులకు అప్పగించైనా వెళ్లమంది, వెంట తీసుకునైనా వెళ్లమంది. ఆమె ఇష్టం ఏమిటని అడగలేదు. అక్కను ఎవరూ అడగలేదని మాస్టారు బాధపడుతున్నాడు కానీ, ఆ అడగకపోవడం అతను నమ్ముకున్న పుస్తకంలోనే ఉంది.

తన మాటకు బలంగా అతను భారతం ఎత్తుకున్నాడు. ఆదిపర్వంలో శతశృంగం మీద పాండురాజు చనిపోతాడు, మాద్రి సహగమనం చేస్తుంది. అక్కడి మునులు కుంతినీ ఐదుగురు పిల్లల్నీ హస్తినాపురానికి తెచ్చి అప్పగిస్తారు. అంటే తండ్రి లేని పిల్లలు తాతల ఇంటికి వచ్చారు. అంత్యక్రియలు అయ్యాక వ్యాసుడు తల్లి సత్యవతి దగ్గరకు వచ్చి, మంచి రోజులు అయిపోయాయి, వంశం నాశనమవడం చూడకు, అడవికి వెళ్లమంటాడు. సత్యవతి కోడళ్లు అంబిక, అంబాలికలను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. అంబాలిక అంటే పాండవుల సొంత నాయనమ్మ.

"చూశావా? మనవలు గడప తొక్కారు, నాయనమ్మలు గడప దాటారు. ఎవరూ తప్పు పట్టలేదు," అన్నాడు మాస్టారు.

"తప్పెట్టా పడతార్రా? ఇంట్లో దాదులున్నారు, వంటవాళ్లున్నారు, కుంతి ఉంది. చదువు చెప్పడానికి కృపుడొచ్చాడు, ద్రోణుడొచ్చాడు. అంతమంది ఉన్న ఇంట్లోంచి ఎవరైనా అడవికి పోవచ్చు. నేను పోతే పొద్దున ఈ పిల్లకి జడెవరేస్తారు?" అని అక్క ఎదురడిగింది. అంతటితో ఆగలేదు. "ఇంకోటి చెప్తా విను. సత్యవతి సుఖానికి పోలా. చూడలేక పోయింది. దాన్ని విశ్రాంతి అనబాక."

ఆదిపర్వం చదివినవాళ్లు అక్క మాటను కాదనలేరు. పని పూర్తయిందని వ్యాసుడు తల్లితో చెప్పలేదు, రాబోయేది నువ్వు తట్టుకోలేవన్నాడు. ఉండిపోయినవాడు భీష్ముడు. పిల్లలు లేని ఆ పెద్దాయన నూట ఐదుగురికి తాత అయ్యాడు. చదువులు చెప్పించాడు, గురువుల్ని కుదిర్చాడు. కానీ జూదం ఆడుతున్న సభలో ఆయన మాట చెల్లలేదు. పెంచే భారమంతా మోసి, నిర్ణయం చేసే అధికారం చేతిలో లేని పెద్దలకు ఇంతకంటే పాత ఉదాహరణ మనకు దొరకదు. అక్క పరిస్థితి కూడా అదేనని మాస్టారికి అప్పుడు తట్టింది. సంభాషణ అక్కణ్నుంచి చట్టం వైపు మళ్లింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం మైనరుకు సహజ సంరక్షకులు తండ్రి, ఆ తర్వాత తల్లి. అమ్మమ్మ, తాత, నాయనమ్మల పేర్లు అందులో లేవు. వాళ్లు సంరక్షకులు కావాలంటే 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం కింద కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఇక 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం మనవల్ని కూడా బాధ్యుల్లో చేర్చింది. మేజరైన మనవడు తాత, నాయనమ్మల్ని పోషించాలి.

"అంటే వీడు పెద్దయ్యాక నన్ను చూడాలని చట్టం చెప్తది. ఇప్పుడు నేను వీణ్ని చూస్తున్నానని మాత్రం ఏ కాయితంలోనూ ఉండదు. అంతేనా?" అంది అక్క.

"అంతే."

"రాత్రి పూట వీడికి ఏదన్నా అయ్యి ఆస్పత్రికి తీసకపోతే సంతకం ఎవరు పెట్టాలి?"

మాస్టారు దగ్గర దీనికి పుస్తకంలోని జవాబు లేదు. తల్లి చేత ఒక అధికార పత్రం రాయించుకోమన్నాడు. ఆధార్ నకళ్లు, టీకాల కార్డు, పాత బడి టీసీ ఒకే కవరులో పెట్టుకోమన్నాడు. టీకాల కార్డు తల్లి దగ్గరే ఉండిపోయిందని అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. జాతీయ టీకాల పట్టిక ప్రకారం డీపీటీ రెండో బూస్టరు 5, 6 ఏళ్ల మధ్య వేయాలి. మనవరాలికి ఆ వయసు దాటింది, వేయించారో లేదో అమ్మమ్మకు తెలియదు.

కోర్టులు తాతలను పట్టించుకోలేదని కాదు. అహ్మదాబాదులో 2021లో కోవిడ్‌కు తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఒక చిన్నపిల్లాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గుజరాత్ హైకోర్టు పిల్లాణ్ని తల్లి తరఫు పిన్నికి అప్పగించింది. పెద్దవాళ్ల వయసునూ, రాబడినీ పిన్నితో పోల్చి చూసింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి నాయనమ్మ, తాతలకు అప్పగించింది. వయసు ఎక్కువనీ, ఆదాయం తక్కువనీ చెప్పి పెంచే శక్తిని కొలవకూడదన్నది ఆ తీర్పు సారం. మన సమాజంలో మనవల మీద తాతల మమకారం ఎక్కువే ఉంటుందని కూడా ధర్మాసనం అభిప్రాయపడింది.

"మమకారం ఎక్కువని కోర్టు చెప్పింది, బాగానే ఉంది. మోకాళ్ల సంగతేం చెప్పింది?" అని అడిగింది అక్క.

పిల్లలు వచ్చిన మొదటి వారం ఆమె చేసిన పనులు చూస్తే ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ధర లేక అమ్మకుండా ఉంచిన మిరప టిక్కీలు నడిమింట్లో ఉండేవి. ఆ ఘాటుకు పిల్లలిద్దరూ రాత్రంతా తుమ్మేసరికి వాటిని గొడ్లచావిడికి మార్పించింది. పత్తికి కొట్టే పురుగుమందు సీసాలు స్నానాల గది మూల ఉండేవి. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు వాటికి తాళం వేసిన ఇనప పెట్టె కావలసి వచ్చింది. వక్కాకు వేసుకునే తన భర్త సున్నం డబ్బీ పిల్లాడి చేతికందే గూట్లో ఉండేదని ఆమె తమ్ముడికి చెప్పింది. తడి సున్నం కంట్లో పడితే క్షారం నల్లగుడ్డును కాల్చేస్తుంది, చూపు పోవచ్చు. మన దేశంలో పిల్లల కళ్లకు తగిలే రసాయన గాయాల్లో తాంబూలం సున్నం వల్ల అయ్యేవి చాలా ఉంటాయి.

అన్నిటికంటే భయపెట్టింది మాత్రల డబ్బా. భర్తకు షుగరు ఉంది. ఆయన వాడే గ్లిమెపిరైడ్ రకం మాత్ర ఒక్కటి పొరపాటున మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ పడిపోవడం గంటల తర్వాత కూడా జరగవచ్చు కాబట్టి, పిల్లాడు బాగానే ఆడుతున్నాడని ఊరుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ముసలివాళ్ల మాత్రలు దిండు కింద, కిటికీ గట్టు మీద, చీర కొంగు ముడిలో ఉంటాయి. అమ్మానాన్నల ఇంట్లో లేని ప్రమాదం ఇది, తాతల ఇంట్లోనే ఉంటుంది.

మాస్టారు ఇదంతా విని ఒక సిద్ధాంతం చెప్పాడు. వానప్రస్థమంటే ఇల్లు వదలడం కాకపోవచ్చు, ఇంటి మీద పెత్తనం వదలడం కావచ్చు అన్నాడు. టిక్కీలు జరిగాయి, సున్నం డబ్బీ జరిగింది, నిద్ర వేళ జరిగింది. తనదనుకున్న అమరికను ఒక్కొక్కటే విడిచిపెడుతూ అక్క ఇంట్లోనే ఉండి అడవి దారి పట్టిందన్నాడు. వినసొంపైన మాట. అక్క దాన్ని సాగనివ్వలేదు.

"పెత్తనం వదిలితే ఆ పెట్టెకి తాళం ఎవరేస్తారు తమ్ముడూ? పెత్తనం ఎక్కువైందిరా నాకు. నా పిల్లలప్పుడు అత్తగారు చూసేది, ఆడబిడ్డ చూసేది, వీధి మొత్తం చూసేది. ఇప్పుడు ఈ ఇంట్లో ఇద్దరమే. ఎనిమిదింటికి పడుకునే మీ బావ పదింటిదాకా కథలు చెప్తన్నాడు. బాలచంద్రుడి కథ అయిపోతే బ్రహ్మనాయుడి కథ, అదయితే మళ్లీ బాలచంద్రుడు. ఇది విడిచిపెట్టడం కాదు. మళ్లీ పట్టుకోవడం."

ఇక్కడ అక్కదే పైచేయి. విడిచిపెట్టడాన్ని పుణ్యంగా చెప్పే తత్వం మనకు చాలా ఉంది. అలసిన చేతులతో మళ్లీ పట్టుకోవడం గురించి చెప్పే తత్వం తక్కువ. ఆ లోటు శాస్త్రం కొంత పూరించింది. టాంజానియాలో ఏయాసి సరస్సు దగ్గర వేట మీద, దుంపల మీద బతికే హడ్జా జనం ఉన్నారు. క్రిస్టెన్ హాక్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తన సహచరులతో 1980ల నుంచి వాళ్లను పరిశీలించింది. గట్టి నేలలోంచి దుంపలు తవ్వడంలో ముసలమ్మలు పడుచులకు తీసిపోలేదు. తల్లి చంటిబిడ్డతో ఉన్నప్పుడు పై బిడ్డ బరువు అమ్మమ్మ తవ్వి తెచ్చే తిండిని బట్టి ఉంది. కాన్పుల వయసు దాటాక కూడా ఆడవాళ్లు అన్నేళ్లు బతకడం మనిషి జాతికి ఎందుకు అబ్బిందో చెప్పడానికి హాక్స్ బృందం 1998లో ప్రతిపాదించిన వివరణ దీని మీదే నిలబడింది. మనవలకు తిండి పెట్టిన అమ్మమ్మల వంశం నిలిచిందని దాని సారాంశం. 2004లో 'నేచర్' పత్రికలో వచ్చిన మరో పరిశోధన ఫిన్లాండ్, కెనడాల పాత చర్చి రికార్డులు తిరగేసింది. యాభై దాటాక స్త్రీ బతికిన ప్రతి పదేళ్లకూ ఆమెకు సగటున ఇద్దరు మనవలు ఎక్కువ ఉన్నారని తేల్చింది.

మాస్టారు ఇంకో రెండు పరిశోధనలు తీశాడు. బెర్లిన్‌లో 1990 నుంచి 2009 దాకా 500 మందికి పైగా వృద్ధుల్ని గమనిస్తే, మనవల్ని అప్పుడప్పుడూ చూసుకునేవాళ్లు చూసుకోనివాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారు. మెల్‌బోర్న్‌లో 2014 నాటి అధ్యయనంలో, వారానికి ఒకరోజు మనవల్ని చూసుకునే అమ్మమ్మలు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షల్లో ముందున్నారు. ఐదు రోజులు, అంతకుమించి చూసుకునేవాళ్లు కొన్ని పరీక్షల్లో వెనకబడ్డారు.

"అప్పుడప్పుడూ, వారానికి ఒకరోజు. శాస్త్రం కూడా అదే అంటోందక్కా. నీది వారానికి ఏడు రోజులు. బెర్లిన్ వాళ్లు, పిల్లల్ని పూర్తిగా తామే పెంచే తాతల్ని లెక్కలోకే తీసుకోలేదు."

"ఆ దుంపలు తవ్వే ముసలమ్మ పక్కనే తల్లి కూడా ఉందిగా?" అని అడిగింది అక్క.

"ఉంది."

"నాకు లేనిది అదేరా. సాయం చేయడం నాకు వచ్చు. తల్లి చోటులో నిలబడటమే కొత్త."

అమెరికా తెలుగు ఇళ్లలో ఈ కథ ఎదురు దిక్కులో నడుస్తుంది. అక్కడ కాన్పు దగ్గర పడగానే విజిటర్ వీసా మీద అమ్మమ్మ వెళ్తుంది. మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆమె తిరిగొచ్చే వేళకు నాయనమ్మ బయలుదేరుతుంది. అది కష్టమే కానీ, దానికో గడువుంది, పక్కన తల్లి ఉంది. దాచేపల్లి అక్కకు ఆ రెండూ లేవు.

తల్లి చోటులో నిలబడటం గురించి మాస్టారు ఇద్దరు తత్వవేత్తల బాల్యం చెప్పాడు. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్‌కు ఏడాది దాటిన పసితనంలో, 1906లో, తండ్రి చనిపోయాడు. తల్లి బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి చేరింది. తన బాల్యం మీద రాసిన పుస్తకంలో సార్త్ర్ ఆ ఇంటిని చూపిస్తాడు. తల్లికీ కొడుక్కీ కలిపి ఒకే గది, దాని పేరు పిల్లల గది. పుట్టింటికి వచ్చిన ఆమెను పెద్దవాళ్లు మళ్లీ చిన్నపిల్లను చేశారు. కొడుకు ఆమెను తల్లిలా కాక అక్కలా చూశాడు. సొంత కొడుకుల దగ్గర కరకుగా ఉన్న తాత ఈ మనవడి దగ్గర కరిగిపోయాడు.

అక్క ఈ కథ దగ్గర ఆగిపోయింది. శనివారం కూతురు నడికుడిలో రైలు దిగి వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచి, అలసిపోయింది కదా అని, అన్నం అక్కే కలిపి పిల్లల నోట్లో పెడుతోంది. పోయిన వారం పిల్లల ముందే కూతుర్ని కసురుకుంది కూడా. ఆదివారం మనవరాలు ఏదో కావాలని తల్లిని కాక అమ్మమ్మను అడిగింది. కూతురు ముఖం వాడిపోవడం అక్క చూసింది.

"శనాదివారాలు స్నానం, అన్నం, హోంవర్కు అన్నీ దానికే వదిలేస్తా. నేను పొలం పోతా," అంది.

రెండో తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్. తల్లీ తండ్రీ చిన్నతనంలోనే పోయారు. మతం పట్టింపు లేని తన స్నేహితుల్ని సంరక్షకులుగా పెట్టాలని తండ్రి వీలునామా రాశాడు. తాత, నాయనమ్మలు కోర్టుకెళ్లి దాన్ని పక్కకు పెట్టించి పిల్లల్ని తెచ్చుకున్నారు. 1878లో తాత కూడా పోయాక నాయనమ్మే పెంచింది. భక్తి, కఠిన నియమం, తప్పుదారిన పోయే గుంపు వెంట నడవకూడదన్న పట్టుదల ఆమెవి. మనవడు ఆమె మతాన్ని వదిలేశాడు, ఆ పట్టుదలను మాత్రం జీవితాంతం ఉంచుకున్నాడు.

"పిల్లల్ని ఎవరి పద్ధతిలో పెంచాలక్కా? కన్నవాళ్ల పద్ధతిలోనా, పెంచేవాళ్ల పద్ధతిలోనా?"

"నా బిడ్డ ఒకటే చెప్పింది. పిల్లల మీద చెయ్యి చేసుకోవద్దమ్మా అంది. నేను ముగ్గుర్నీ కొట్టే పెంచా. నువ్వు బళ్లో బెత్తం పట్టావు."

"విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. పదిహేడో సెక్షన్ బళ్లో కొట్టకూడదంది. బెత్తం బీరువాలో పెట్టేశా. మొదటి ఏడాది క్లాసులో ఏం చేయాలో తోచలేదు. తర్వాత అలవాటైంది."

"నాకూ అట్టానే ఉంది. చెయ్యి లేస్తది, ఆపుకుంటన్నా. బిడ్డ ఇంట్లో లేకపోయినా దాని మాట ఇంట్లో ఉండాలి కదా."

ఈ సంవాదంలో తీర్పు చెప్పాల్సి వస్తే, ఇల్లు విడిచే తత్వం ముందు అక్క నిలబడ్డ తీరే సరైనది. ఆమె పిల్లలకు తల్లి కావాలనుకోవడం లేదు. తల్లి వచ్చేదాకా తల్లి మాట చెల్లేలా చూస్తోంది. అధికారం లేని బాధ్యతకు ఇంతకంటే మర్యాదైన రూపం ఉండదు. కానీ మాస్టారు మొదట అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. ఎవరూ అక్కను అడగలేదు. ప్రేమ ఉందని తెలుసు కాబట్టి అడగనక్కర్లేదనుకున్నారు.

ప్రభుత్వం కూడా దాదాపు అలాగే అనుకుంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4000 రూపాయలైంది, అది అర్హత ఉన్న పెద్దవాళ్లకు. బడి పిల్లల కోసం ఇచ్చే తల్లికి వందనం పథకం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ఉంది, పెద్ద పిల్లకు బళ్లో మధ్యాహ్న భోజనం ఉంది. అక్కకు పగలు నాలుగు గంటలు ఊపిరాడుతోందంటే ఆ రెండింటి వల్లే. మనవల్ని పెంచే అమ్మమ్మ అన్న మనిషి మాత్రం ఏ పథకం కాగితంలోనూ విడిగా కనబడదు.

పిల్లల్ని అమ్మానాన్నల దగ్గర ఉంచిన, ఉంచబోతున్న కూతుళ్లకూ కొడుకులకూ ఒక విన్నపం. ముందు అడగండి. వాళ్లు కాదనగలిగేలా అడగండి. ఎన్నాళ్లో చెప్పండి, ఆ గడువు మారితే మళ్లీ అడగండి. అధికార పత్రం, టీకాల కార్డు, ఆధార్ నకళ్లు పిల్లల బట్టలతో పాటే పంపండి. నెలనెలా ఖర్చు వాళ్లు అడక్కుండానే పంపండి. వారంలో ఒక పూటైనా వాళ్లకు సెలవు దొరికే ఏర్పాటు మీరే చేయండి. ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలకు అన్నం మీరు తినిపించండి. నాన్నగారి షుగరు మాత్రలు ఎక్కడ ఉంటున్నాయో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి.